‘మెడ పట్టేసింది’ అని ఇంగ్లీషులో ఎలా చెప్పాలి? ఒంటికీ అనారోగ్యానికీ సంబంధించిన రోజువారీ మాటలు, నుడికారాలు

పెన్నాతీరం

సభ్యులందరికీ నమస్కారం. నేను నెల్లూరులో ఒకటో తరగతి నుంచి ఇంగ్లీషు మాధ్యమంలోనే చదువుకున్నాను. పదకొండేళ్లు ఒక బ్యాంకులో పనిచేసి, రెండేళ్ల క్రితం కుటుంబంతో మాంచెస్టర్ వచ్చాను. ఉత్తరాలు రాయడానికి గానీ, ఆఫీసు సమావేశాల్లో మాట్లాడడానికి గానీ ఇక్కడ ఎన్నడూ తడుముకోలేదు. కిందటి నెలలో జరిగిన ఒక సంగతి వల్ల నా ఇంగ్లీషులో ఎంత పెద్ద ఖాళీ ఉందో తెలిసివచ్చింది.

మా దగ్గర ఉండడానికి వచ్చిన మా అమ్మకు ఒక రాత్రి మెడ పట్టేసింది. “మెడ నుంచి భుజం దాకా లాగుతోంది నాయనా, చేయి సలుపుతోంది, మధ్యమధ్యలో పోటు పొడుస్తోంది, వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి” అని చెప్పింది. ప్రాణాపాయం లేని సందర్భాల్లో వైద్య సలహా కోసం ఇక్కడ 111 నంబరుకు ఫోను చేస్తారు. అవతలి ఉద్యోగిని ఎంతో ఓపికగా నొప్పి ఎలాంటిదని అడిగింది. అమ్మ విడివిడిగా చెప్పిన లాగడం, సలపడం, పోటు అన్నీ నా నోట ‘పెయిన్’ అనే ఒక్క మాటగా మారిపోయాయి. తిమ్మిరి గురించి ‘హర్ హ్యాండ్ ఈజ్ స్లీపింగ్’ అన్నాను. మణికట్టు కింది భాగమా, మొత్తం చేయా అని ఆమె మళ్లీ అడగవలసి వచ్చింది. పక్కనే కూర్చున్న అమ్మ ‘అంతసేపు మాట్లాడావు కదా, నేను చెప్పిందంతా చెప్పావా’ అని అడిగినప్పుడు నాకు జవాబు రాలేదు. మందులతో, మెడ వ్యాయామాలతో ఆమె పది రోజుల్లో చాలావరకు కుదుటపడింది.

ఆ తరువాత కాగితం తీసుకొని, నేను ఇంగ్లీషులో చెప్పలేని మాటలు రాసుకుంటూ వెళ్లాను. పొలమారింది, కంట్లో నలక పడింది, కాలు బెణికింది, పిక్కలు పట్టేశాయి, గొంతు బొంగురుపోయింది, ఒంట్లో నలతగా ఉంది. పదిహేనేళ్ల చదువులో ఏ పాఠంలోనూ ఈ మాటలు రాలేదు. వీటిని మీరు ఎక్కడ, ఎలా నేర్చుకున్నారో చెప్పవలసిందిగా కోరుతున్నాను.

సిస్టర్_లీడ్స్

పెన్నాతీరం గారూ, నేను ఏలూరు దగ్గర పల్లెటూరి నుంచి వచ్చి, ఇక్కడ ఆస్పత్రిలో నర్సుగా పనిచేస్తున్నాను. మన పెద్దవాళ్లను తీసుకొని వచ్చే కొడుకులు, కూతుళ్లు మీలాగే ‘సివియర్ పెయిన్’ అని ఊరుకోవడం తరచుగా చూస్తుంటాను. పక్కన ఉన్న తల్లి తెలుగులో చెబుతున్న మాట ఎంతో నిర్దిష్టంగా ఉంటుంది, దాన్ని అనువదించే బిడ్డ దగ్గరే అది పలచబడిపోతుంది. నొప్పి ఎంత ఉందన్నది సున్నా నుంచి పది వరకు అంకెలో చెప్పవచ్చు. అది ఎలాంటి నొప్పో చెప్పడానికి మాత్రం మాటలే కావాలి.

మీ అమ్మగారి మాటలనే తీసుకుందాం. సలపడం అంటే ‘త్రాబింగ్’, అంటే నాడి కొట్టుకున్నట్టు ఆగి ఆగి వచ్చేది. పోటు ఒకేచోట పొడిస్తే ‘స్టాబింగ్’, ఒక చోట మొదలై చేతిలోకో కాలిలోకో దూసుకుపోతే ‘షూటింగ్’. లాగడానికి ‘పుల్లింగ్’ అంటే చాలు, డాక్టరుకు అర్థమవుతుంది. కడుపులో మెలిపెట్టినట్టు ఉంటే ‘క్రాంపింగ్’. గాయం మీద మందు రాయగానే చుర్రుమనడానికి ‘స్టింగ్స్’ అంటారు, ఒళ్లంతా మంటగా ఉంటే ‘బర్నింగ్’ అంటారు. సన్నగా, వదలకుండా ఉండే నొప్పి ‘డల్ ఏక్’. తిమ్మిరిలో రెండు రకాలున్నాయి. స్పర్శ తెలియకపోతే ‘నమ్’, సూదులు గుచ్చినట్టు చిమచిమలాడితే ‘టింగ్లింగ్’ లేదా ‘పిన్స్ అండ్ నీడిల్స్’. ‘మై ఫుట్ హాజ్ గాన్ టు స్లీప్’ అనే వాడుక కూడా నిజంగా ఉంది కాబట్టి, మీరు అన్న మాట పూర్తిగా తప్పు కాదు, దాని రూపమే కొద్దిగా తేడా. మెడ పట్టేయడానికి ‘ఐ హావ్ ఎ స్టిఫ్ నెక్’ అనాలి.

ఈ మాటలు నేను సొంతంగా జతపరిచినవి కావు. కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయానికి చెందిన రొనాల్డ్ మెల్జాక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1975లో నొప్పిని వర్ణించే 78 మాటలను 20 గుంపులుగా పేర్చి ఒక ప్రశ్నావళి ప్రచురించారు. త్రాబింగ్, షూటింగ్, స్టాబింగ్, పుల్లింగ్, క్రాంపింగ్ అన్నీ అందులో ఉన్నాయి. దాన్ని మొదటిసారి చదివినప్పుడు, మా అమ్మమ్మ మోకాళ్ల గురించి చెప్పే మాటలన్నీ ఎవరో ఇంగ్లీషులో వరుసగా రాసిపెట్టినట్టు అనిపించింది.

ఒక్క విషయం మాత్రం అందరూ గుర్తుంచుకోవాలి. గుండెలమీద బరువు పెట్టినట్టు, పిండేస్తున్నట్టు ఉంటే మాటల కోసం వెతకకుండా ఇక్కడైతే అత్యవసర నంబరు 999కి ఫోను చేయండి. మన ఇళ్లలో ఛాతీలో ఏమి వచ్చినా ‘గ్యాస్ పట్టేసింది’ అనే అలవాటు ఉంది. అదే మాటను ఫోనులో ‘గ్యాస్ ప్రాబ్లమ్’ అని చెబితే, వినేవారు సమస్యను తేలికగా తీసుకునే ప్రమాదం ఉంది. మీరు వేసుకున్న నిర్ధారణ కాదు, మీకు కలుగుతున్న బాధ చెప్పండి.

బలపం

నేను అనంతపురం జిల్లా పరిషత్ పాఠశాలల్లో ముప్పై ఒక్క ఏళ్లు ఇంగ్లీషు బోధించి పదవీ విరమణ చేశాను. పెన్నాతీరం గారి ప్రశ్న చదివినప్పుడు, ఈ మాటలు పిల్లలకు చెప్పని ఉపాధ్యాయుల్లో నేనూ ఒకడినని బాధ కలిగింది. పాఠ్యపుస్తకంలో ఉన్నది పూర్తిచేయడంలోనే మా ఏడాది గడిచిపోయేది.

సిస్టర్ గారు మాటలు ఇచ్చారు. ఆ మాటల చుట్టూ ఉండే వాక్యం గురించి నేను కొంత చెబుతాను, ఎందుకంటే మనవాళ్లు తడబడేది మాట దగ్గరకన్నా ఎక్కువగా క్రియ దగ్గరే.

తెలుగులో అనారోగ్యం కర్త, మనిషి దాన్ని అనుభవించేవాడు. నాకు జ్వరం వచ్చింది, నాకు జలుబు చేసింది, పిల్లవాడికి వడదెబ్బ తగిలింది, నన్ను రొంప పట్టుకుంది. ఇంగ్లీషులో ఆ పీట మీద మనిషే కూర్చుంటాడు. ‘ఐ హావ్ ఎ ఫీవర్’, ‘ఐ హావ్ గాట్ ఎ కాఫ్’. మన దగ్గర జలుబు మనిషిని పట్టుకుంటే, వాళ్ల దగ్గర మనిషే వెళ్లి జలుబును పట్టుకుంటాడు, ‘ఐ కాట్ ఎ కోల్డ్’. ఈ ఒక్క తారుమారు విద్యార్థికి అర్థమైతే ‘ఫీవర్ కేమ్ టు మీ’ అనే వాక్యం ఇక నోట రాదు. తెలుగులో ‘హావ్’కు సరిసమానమైన క్రియ లేదు కాబట్టి, దాన్ని అనువాదంతో కాక అలవాటుతో నేర్చుకోవాలి. ‘ఎ’ అనే చిన్న మాటను కూడా వదలకూడదు. ‘ఐ యామ్ కోల్డ్’ అంటే చలివేస్తోందని, ‘ఐ హావ్ ఎ కోల్డ్’ అంటే జలుబు చేసిందని.

రెండో చిక్కు అవయవాల పేర్లలో ఉంది. మనకు భుజం నుంచి వేళ్ల దాకా చేయి ఒక్కటే, తుంటి నుంచి అరికాలి దాకా కాలు ఒక్కటే. ఇంగ్లీషువారు చేతిని ‘ఆర్మ్’, ‘హ్యాండ్’ అని, కాలిని ‘లెగ్’, ‘ఫుట్’ అని రెండుగా విడగొట్టుకున్నారు. చేతివేళ్లు ‘ఫింగర్స్’, కాలివేళ్లు ‘టోస్’. మణికట్టు మీద హ్యాండ్ ఆగిపోతుంది, చీలమండ మీద లెగ్ ఆగిపోతుంది. అందుకే 111లో ఉన్న ఆమె అడిగిన ప్రశ్న ఆమెకు సహజమైనది, మీకు కొత్తది. నడుము నొప్పిని ‘వెయిస్ట్ పెయిన్’ అని అనువదిస్తే ఎవరికీ అర్థం కాదు, అది ‘లోయర్ బ్యాక్’. కణతల్లో నొప్పికి ‘టెంపుల్స్’ అనే మాట విన్న మా విద్యార్థి ఒకడు, గుళ్లకూ తలనొప్పికీ సంబంధమేమిటని నన్ను అడిగాడు. రెండు మాటలకూ స్పెల్లింగు ఒకటే కదా, వాడి సందేహం న్యాయమైనదే.

ఇంకొకటి, ‘నుంచి’. మూడు రోజుల నుంచి, సోమవారం నుంచి అని మనం రెండింటికీ ఒకే మాట వాడతాం. ఇంగ్లీషులో సోమవారానికి ‘సిన్స్’, మూడు రోజులకు ‘ఫర్’. ‘సిన్స్ త్రీ డేస్’ అంటే వినేవాడు అర్థం చేసుకుంటాడు కానీ, ‘సిన్స్ త్రీ’ దగ్గర మూడు గంటల నుంచి అనుకొని ఒక క్షణం ఆగుతాడు. డాక్టరు అడిగే మొదటి ప్రశ్నల్లో ఇది ఒకటి కాబట్టి దీన్ని ముందే సాధన చేసి పెట్టుకోవాలి.

అమీర్‌పేట_అభ్యర్థి

నమస్కారం అండి. నేను హైదరాబాదులో ఉద్యోగ పరీక్షలకు సిద్ధమవుతున్నాను. పెద్దలందరూ మాటల గురించి చెబుతున్నారు, నాకు నుడికారాల గురించి సందేహం ఉంది. మా కోచింగ్ కేంద్రంలో ఐదు వందల ఇడియమ్స్ జాబితా ఇచ్చి రోజుకు పది చొప్పున బట్టీ పట్టమన్నారు. నూట ఎనభై దాకా పూర్తిచేశాను, కానీ మాట్లాడేటప్పుడు ఒక్కటి కూడా గుర్తుకు రావడం లేదు. లోపం నాదా, పద్ధతిదా? దయచేసి చెప్పగలరు.

ఓరుగల్లు_ఆడపడుచు

పెన్నాతీరం గారూ, ‘లాగుతోంది’ అని మీ అమ్మగారు అన్నదాన్ని మా వైపు ‘గుంజుతోంది’ అంటాం. మా అత్తమ్మ రోజూ సాయంత్రం కాళ్లు గుంజుతున్నాయనేది. నేను హనుమకొండ నుంచి డాలస్ వచ్చి తొమ్మిదేళ్లు అయింది. మీరు అడిగిన మాటల్లో చాలావరకు నాకు మా పాప వల్ల వచ్చాయి. ఆమె రెండేళ్లప్పుడు ఇక్కడి ప్రభుత్వ గ్రంథాలయంలో పసిపిల్లలకు కథలు చెప్పే గంటకు తీసుకెళ్లేదాన్ని. అక్కడి తల్లులు పిల్లలతో మాట్లాడే మాటలు ఏ కోచింగ్‌లోనూ దొరకనివి. ‘బ్లో యువర్ నోజ్’ అంటే ముక్కు చీదు, ‘డోంట్ పిక్ యువర్ నోజ్’ అంటే ముక్కులో వేలు పెట్టుకోకు, ‘యూ హావ్ గాట్ ద హికప్స్’ అంటే నీకు ఎక్కిళ్లు వస్తున్నాయి. పొలమారినప్పుడు ‘ఇట్ వెంట్ డౌన్ ద రాంగ్ పైప్’ అంటూ వీపు నిమిరేవారు. కంట్లో నలకకు విడిగా మాట వెతకనక్కరలేదు, ‘దేర్ ఈజ్ సమ్‌థింగ్ ఇన్ మై ఐ’ అంటే సరిపోతుంది. పీజీ చదివిన నేను మొదటిసారి ఆ మాటలు విన్నది ఆ చాప మీద కూర్చొనే.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ఇంగ్లండు ఇంగ్లీషుకూ అమెరికా ఇంగ్లీషుకూ ఆరోగ్యం విషయంలో తేడాలు ఎక్కువ. ఇక్కడ ‘ఐ యామ్ సిక్’ అంటే ఒంట్లో బాగాలేదని అర్థం, ఇంగ్లండులో ‘ఐ వాజ్ సిక్’ అంటే వాంతి అయిందని అర్థం. మన పారాసెటమాల్‌ను ఇక్కడ ‘అసెటమినోఫెన్’ అంటారు. కొత్తగా వచ్చినప్పుడు మందుల దుకాణంలో పారాసెటమాల్ లేదంటే ఆశ్చర్యపోయి, జ్వరంతో ఉన్న పాపను ఎత్తుకొని వట్టి చేతులతో తిరిగి వచ్చాను. మందు ఆ అరలోనే ఉంది, పేరే నాకు తెలియలేదు.

సిస్టర్_లీడ్స్

ఓరుగల్లు గారు చెప్పింది చాలా ముఖ్యం. ఇక్కడ ‘రాంగ్ పైప్’ బదులు ‘రాంగ్ వే’ అనడం ఎక్కువ. అలాగే ఇక్కడ ‘సర్జరీ’ అంటే ఆపరేషన్ మాత్రమే కాదు, వీధి చివర ఉండే డాక్టరు క్లినిక్ కూడా. రిసెప్షన్ నుంచి ఫోను వచ్చి ‘కమ్ టు ద సర్జరీ’ అన్నారని ఒక పెద్దాయన భయపడి, రాత్రంతా నిద్రపోకుండా ఇండియాకు ఫోన్లు చేసిన సంగతి నాకు తెలుసు. ఆయనకు జరగవలసింది రక్తపరీక్ష ఒక్కటే.

కృష్ణలంక

చర్చ బాగా సాగుతోంది. అయినా నా అభిప్రాయం కొంత వేరు. మా నాన్నగారు నాకు పదో తరగతి నుంచి ‘ద హిందూ’ పత్రిక చదవడం అలవాటు చేశారు. విజయవాడలో మా వీధిలో ఇంగ్లీషు బాగా వచ్చినవారందరూ ఆ పత్రిక చదివే నేర్చుకున్నారు. సంపాదకీయంలో రోజుకు ఐదు కొత్త పదాలు రాసుకొని, నిఘంటువు చూసి, సొంత వాక్యాల్లో వాడే పద్ధతిని మించింది లేదని నా నమ్మకం. పునాది గట్టిగా ఉంటే ఇటువంటి ఇంటి మాటలు అవసరం వచ్చినప్పుడు వాటంతట అవే వస్తాయి. పసిపిల్లల మాటల కోసం అంత తాపత్రయపడడం అవసరమా అని వినయంగా అడుగుతున్నాను.

పెన్నాతీరం

కృష్ణలంక గారూ, నేను కూడా పన్నెండేళ్లు ఆ పత్రికే చదివాను, ఇప్పటికీ చదువుతాను. దానివల్ల నాకు కలిగిన మేలు తక్కువేమీ కాదు. అయితే ఆ రాత్రి నాకు ‘ఎగ్జాసర్బేట్’ (మరింత తీవ్రం చేయడం) అనే మాట తెలుసు, ‘స్టిఫ్ నెక్’ అనే మాట తెలియదు. అవసరం వచ్చిన క్షణంలో మాట దానంతట అది రాలేదు.

నిఘంటుప్రియ

ఈ విషయంలో నిఘంటువులు చేసినవారు ఏమనుకున్నారో చూడడం మంచిది. ఇంగ్లీషు నేర్చుకునేవారికి ముందుగా ఏ మాటలు కావాలన్న ప్రశ్నను పట్టుకొని శ్రమించినవారిలో మైకేల్ వెస్ట్ ముఖ్యుడు. ఆయన మన ఉపఖండంలోనే, ఢాకాలో, విద్యాశాఖలో పనిచేస్తూ బెంగాలీ పిల్లలు ఇంగ్లీషు చదవడంలో పడుతున్న అవస్థను దగ్గరగా చూశారు. 1953లో ఆయన పేరుతో వెలువడిన పదపట్టికలో దాదాపు 2000 మూల పదాలు ఉన్నాయి. తరచుగా ఎదురయ్యే ఆ కొద్ది మాటలు గట్టిగా వస్తే తక్కినవాటికి దారి ఏర్పడుతుందన్నది ఆ శ్రమ వెనుక ఉన్న ఆలోచన. ఎ. ఎస్. హార్న్‌బీ జపానులో ఇంగ్లీషు బోధిస్తూ సహోద్యోగులతో కలిసి తయారుచేసిన నిఘంటువు 1942లో టోక్యోలో వచ్చింది. అదే 1948లో ఆక్స్‌ఫర్డ్ ప్రచురణగా వెలువడి, ఇవాళ మన విద్యార్థులందరి చేతుల్లో ఉన్న ‘అడ్వాన్స్‌డ్ లర్నర్స్’ నిఘంటువుకు మూలమైంది. దాని గొప్పతనం అర్థాలు ఇవ్వడంలో లేదు, ఒక క్రియ తరువాత ఏది వస్తుందో, ఏ నామవాచకానికి ‘ఎ’ పెట్టాలో చూపడంలో ఉంది. బలపం మాస్టారు పైన చెప్పిన చిక్కులన్నీ సరిగ్గా అవే.

ఇంటి మాటల విషయంలో మనకు అంతకన్నా దగ్గరి సాయం కూడా ఉంది. పందొమ్మిదో శతాబ్దంలో సి. పి. బ్రౌన్ కూర్చిన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువులో కావ్యాల పదాలతోపాటు జనం నోట నలిగే పదాలకూ చోటు దక్కింది. అది అంతర్జాలంలో ఉచితంగా దొరుకుతుంది. ఒక తెలుగు మాట అక్కడ చూసి, వచ్చిన ఇంగ్లీషు మాటను వెంటనే వాడకుండా, దాన్ని నేటి నిఘంటువులో మళ్లీ చూసుకోవాలి, ఎందుకంటే నూట డెబ్బై ఏళ్లలో ఇంగ్లీషు చాలా మారింది. నేను చాలాకాలంగా ఇలా రెండు నిఘంటువులూ పక్కపక్కన పెట్టుకొని చదువుతున్నాను. తెలుగు నుంచి ఇంగ్లీషుకు వెతికేవాడికి తనకు రానిదేమిటో తెలుస్తుంది, ఇంగ్లీషు నుంచి తెలుగుకు వెతికేవాడికి పత్రికకు తెలిసినది మాత్రమే తెలుస్తుంది.

బలపం

నిఘంటుప్రియ గారి చివరి వాక్యం నేను తరగతి గోడమీద రాయించవలసిన మాట. కృష్ణలంక గారి పద్ధతి రాసే ఇంగ్లీషుకు చాలా మేలు చేస్తుంది, అందులో సందేహం లేదు. కానీ సంపాదకీయంలో ఎవరికీ ముక్కు దిబ్బడ వేయదు, ఎవరి కాలూ బెణకదు. అక్కడ లేనిది అక్కడ దొరకదు.

ఇక అమీర్‌పేట అభ్యర్థి అడిగిన దానికి వస్తాను. నాయనా, లోపం నీది కాదు. తెలుగులో వాన కురుస్తుంది, ఎండ కాస్తుంది, గాలి వీస్తుంది, పిడుగు పడుతుంది. ఇవి నీకు ఎవరైనా జాబితా ఇచ్చి నేర్పారా? వానలో తడిసినప్పుడు విన్నావు, ఎండలో తిరిగితే అమ్మ తిట్టినప్పుడు విన్నావు. మాటతోపాటు సందర్భం కూడా లోపలికి వెళ్లింది. జాబితాలోని నూట ఎనభై నుడికారాలకు సందర్భం లేదు, అందుకే అవి పిలిస్తే పలకవు. పైగా అటువంటి జాబితాల్లో కుండపోత వానకు ‘రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్’ మొదట్లోనే ఉంటుంది. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవారు ఇవాళ ఎక్కువగా అనేది ‘ఇట్స్ పోరింగ్’ అని.

ఇడియమ్‌ను ముందు గుర్తుపట్టడం నేర్చుకో, వాడడం ఆ తరువాత. ‘కిక్ ద బకెట్’ అంటే చనిపోవడమని తెలిసి ఉండాలి, కానీ తండ్రిని పోగొట్టుకున్న మిత్రుడితో ఆ మాట అంటే ఆ స్నేహం అక్కడితో పోతుంది. అక్కడ ‘పాస్డ్ అవే’ అనాలి. దానికి పొరుగునే ‘పాస్డ్ అవుట్’ ఉంది. మనం కాలేజీ చదువు పూర్తయిందని వాడే ఆ మాటకు బయటి దేశాల్లో సాధారణంగా స్పృహ తప్పడమని అర్థం. నీ ఇంటర్వ్యూలో ‘గ్రాడ్యుయేటెడ్’ అని చెప్పు.

మన తెలుగు నుడికారం తెలిసినవాడికి ఇంగ్లీషు నుడికారం దూరం కాదు. ఒంట్లో నలతగా ఉండడం అనే మాటలో ఏ జబ్బు అని లేదు, కానీ బాగాలేదని ఉంది. ‘అండర్ ద వెదర్’ సరిగ్గా అంతే. గుండెల్లో మంటకు ‘హార్ట్‌బర్న్’ అంటారు, రెండు భాషలూ కడుపులోని ఆమ్లాన్ని గుండెకు అంటగట్టాయి. కొన్నిచోట్ల మాత్రం ఒకే అవయవం వేరే దారి పడుతుంది. మనం కాళ్లు పట్టి లాగడం అంటే ఎదిగేవాణ్ణి కిందికి దించడం, వాళ్ల ‘పుల్లింగ్ సమ్‌వన్స్ లెగ్’ వట్టి ఆటపట్టించడం. మన చేయిచేసుకోవడం కొట్టడం, వాళ్ల ‘లెండింగ్ ఎ హ్యాండ్’ సాయపడడం. మనకు కడుపుమంట అంటే అసూయ కూడా. ఈ తేడాలు తెలియకుండా మాటకు మాట పెడితే అర్థం తలకిందులవుతుంది.

రెండు మాటల క్రియలు, అంటే ఫ్రేజల్ వెర్బ్స్ కూడా ఇలాగే. ‘అప్’ అంటే పైకి అని నేర్పి వదిలేస్తాం, ఆపైన ‘ఈట్ అప్’ వినగానే విద్యార్థికి దారి తప్పుతుంది. తెలుగులో తిను వేరు, తినేయ్ వేరు. ఎండింది వేరు, ఎండిపోయింది వేరు. ఆ ‘ఏయ్’, ‘పోయి’ చేసే పనిని చాలాచోట్ల ‘అప్’ చేస్తుంది. ‘స్వెల్ అప్’ ఉబ్బిపోవడం, ‘డ్రై అప్’ ఎండిపోవడం. ఒళ్లు కాలిపోతోంది అని మనం అన్నట్టే వాళ్లు ‘షి ఈజ్ బర్నింగ్ అప్’ అంటారు. అన్నింటికీ ఇది సరిపోదు. ‘త్రో అప్’ అంటే వాంతి చేసుకోవడం, దానికి ఏ సూత్రమూ లేదు, అలాగే గుర్తుంచుకోవాలి.

కృష్ణలంక

మాస్టారూ, తినేయ్–ఈట్ అప్ పోలిక నాకు ఎన్నడూ తట్టలేదు. పత్రిక చదవడం మానను, కానీ ఇంటి మాటలు వాటంతట అవే వస్తాయన్న నా మాటను వెనక్కి తీసుకుంటున్నాను.

సిస్టర్_లీడ్స్

ఆస్పత్రిలో మీకు తప్పక ఎదురయ్యే నుడికారాలు కొన్ని చెబుతాను, ఎందుకంటే వీటిని తప్పుగా వింటే ఇంటిల్లిపాదీ కంగారుపడతారు, లేదా పడవలసినప్పుడు పడరు. ఒకసారి మా వార్డులో డాక్టరు ఒక రోగి భార్యతో ‘ఇట్స్ టచ్ అండ్ గో’ అన్నారు. ఆమె మన తెలుగావిడ. త్వరగా చూసుకొని ఇంటికి వెళ్లిపోవచ్చని అర్థం చేసుకొని, బయట ఉన్న పిల్లలకు అదే చెప్పింది. నిజానికి ఆ మాటకు ప్రాణం నిలుస్తుందో లేదో చెప్పలేమని అర్థం. నేను ఆమెను పక్కకు కూర్చోబెట్టి తెలుగులో చెప్పవలసి వచ్చింది. నాలుగు రోజుల తరువాత అదే డాక్టరు ‘హి ఈజ్ అవుట్ ఆఫ్ ద వుడ్స్’ అన్నప్పుడు ఆమె నా ముఖం చూసింది. గండం గడిచిందమ్మా అన్నాను.

అప్పటి నుంచి నేను ఎవరికైనా ముందు ఈ రెండూ చెబుతాను. తరువాత ‘ఆన్ ద మెండ్’ అంటే తేరుకుంటున్నారని, ‘బ్యాక్ ఆన్ హిజ్ ఫీట్’ అంటే లేచి తిరుగుతున్నారని. ఇక్కడివారు ‘పూర్లీ’ అనే మాటను జలుబుకూ వాడతారు, కానీ ఆస్పత్రిలో ‘వెరీ పూర్లీ’ అన్నారంటే పరిస్థితి విషమంగా ఉన్నట్టే. ముక్కు దిబ్బడకు ‘బంగ్డ్ అప్’ అంటారు. ‘హావ్ యూ ఓపెన్డ్ యువర్ బవల్స్’ అని అడిగితే విరేచనం అయిందా అని. మనం ఎంతో మర్యాదగా అనుకొనే ‘మోషన్స్’, ‘లూజ్ మోషన్స్’ ఇక్కడ చాలామందికి వెంటనే అర్థం కావు, ‘డయేరియా’ అని చెప్పండి. ‘ఐ హావ్ షుగర్’ అనకండి, ‘ఐ యామ్ డయాబెటిక్’ అనండి.

మన మాటల్లో కొన్నింటికి ఇంగ్లీషులో జంట లేనే లేదు. ‘వేడి చేసింది’ అన్నది అటువంటిది. దాన్ని ఎలాగైనా అనువదించాలని ‘బాడీ హీట్’ అంటే జ్వరమనుకొని థర్మామీటరు పెడతారు. మీరు వేడి అని దేన్ని అంటున్నారో అదే చెప్పండి, నోట్లో పుండ్లు లేచాయనో, మూత్రం పోసేటప్పుడు మంటగా ఉందనో. నీరసం కూడా అంతే. నిద్ర చాలకపోతే ‘టైర్డ్’, లేవలేనంత బలహీనంగా ఉంటే ‘వీక్’, రోజుల తరబడి సత్తువ తగ్గుతూ వస్తే ‘రన్ డౌన్’. ముందు ఈ మూడింటిలో ఏదో మీ అమ్మగారిని అడగండి, అప్పుడు ఇంగ్లీషు మాట సులువుగా దొరుకుతుంది.

అమీర్‌పేట_అభ్యర్థి

మాస్టారూ, సిస్టర్ గారూ, ఎన్నో కృతజ్ఞతలు. జాబితాను పక్కన పెట్టాను. ఇవాళ మా హాస్టల్ గదిలో ఉన్న మిత్రుడికి నిజంగానే జలుబు చేసింది. ఇద్దరం కూర్చొని, వాడు రోగిగా, నేను డాక్టరుగా పావుగంట ఇంగ్లీషులో మాట్లాడుకున్నాం. వాడు ‘ఐ హావ్ హ్యాడ్ ఎ కోల్డ్ ఫర్ టూ డేస్, మై నోజ్ ఈజ్ బ్లాక్డ్ అండ్ ఐ యామ్ ఏకింగ్ ఆల్ ఓవర్’ అన్నాడు. ఇది సరైనదేనా?

బలపం

సరైనదే, ఒక్క అక్షరం కూడా మార్చనవసరం లేదు. రేపు పాత్రలు మార్చుకోండి, ఈసారి కాలు బెణికినట్టు. ‘ఐ ట్విస్టెడ్ మై యాంకిల్’ అని మొదలుపెట్టు.

పెన్నాతీరం

ఈ పది రోజుల్లో జరిగింది చెప్పాలి. అమ్మను మళ్లీ చూపించడానికి నిన్న డాక్టరు దగ్గరకు వెళ్లాం. ఈసారి నేను అనువదించే ముందు ఆమెనే అడిగాను, ఇప్పుడు సలుపుతోందా, లాగుతోందా అని. సలుపు పోయింది, చేయి ఎత్తితే మాత్రం లాగుతోంది, తిమ్మిరి బొటనవేలి దగ్గర కొద్దిగా ఉంది అంది. ‘ద త్రాబింగ్ హాజ్ గాన్, బట్ షి ఫీల్స్ ఎ పుల్లింగ్ పెయిన్ వెన్ షి లిఫ్ట్స్ హర్ ఆర్మ్, అండ్ దేర్ ఈజ్ స్టిల్ ఎ బిట్ ఆఫ్ టింగ్లింగ్ ఇన్ హర్ థంబ్’ అని చెప్పాను. డాక్టరు మరో ప్రశ్న వేయకుండా నేరుగా ఆమె బొటనవేలిని పట్టుకొని చూశారు. అమ్మ నావైపు తిరిగి, ఈసారి చెప్పినట్టున్నావే అంది.

నా కాగితం మీద ఇంకొక్కటి మిగిలింది. అన్నం తింటూ నాకు పొలమారితే, నిన్ను ఎవరో తలుచుకుంటున్నారని అమ్మ అంటుంది. ‘వెంట్ డౌన్ ద రాంగ్ వే’ అని చెప్పగలుగుతున్నాను కానీ, ఆ తలుచుకోవడం అందులో లేదు. దానికి వాళ్ల దగ్గర ఏమైనా ఉందా?

బలపం

ఉంది, కాకపోతే గొంతులో కాదు, చెవుల్లో. మనం లేనిచోట మన గురించి ఎవరైనా మాట్లాడుకుంటే మన చెవులు మండుతాయని వాళ్ల నమ్మకం. ఎవరి గురించైనా మాట్లాడుకున్న తరువాత ఆ మనిషి కనిపిస్తే ‘వర్ యువర్ ఇయర్స్ బర్నింగ్?’ అని అడుగుతారు. అమ్మగారికి ఈసారి ఆ మాట చెప్పి, నెల్లూరులో ఎవరు తలుచుకుంటున్నారో అడగండి.